తమ్ముడి జబ్బుకు కారణమేంటి? ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట

శ్రీలత_సనత్‌నగర్
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా, అంటే లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం లాంటివి ఉండే జబ్బు. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో బయటపడింది. ఇప్పుడు మందులు వాడుతున్నాడు, అపార్ట్‌మెంట్‌లో పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తున్నాడు, కుదురుగానే ఉన్నాడు. కాబట్టి ఏ డాక్టర్ మంచిది అని అడగడానికి రాలేదు.

ఈమధ్య వాడు "అక్కా, ఇది నాకెందుకొచ్చింది?" అని అడిగాడు. నాకేం చెప్పాలో తోచలేదు. ఇంట్లో మాత్రం జవాబులకు కొదవ లేదు. నాయనమ్మ పోయేదాకా గాలి సోకిందనే అంది, తాయెత్తు కట్టించింది. నాన్న ఎక్కువ చదువు, తక్కువ నిద్ర అంటారు. మొదట చూసిన డాక్టర్ మెదడులో రసాయనాల తేడా అన్నారు. ఇప్పుడు చూస్తున్న మేడమ్ "ఒక్క కారణం అంటూ ఉండదమ్మా, వంశం కొంత, పరిస్థితులు కొంత" అంటారు. అమ్మ ఏమీ అనదు. ఎప్పుడో ఒక పెద్దమనిషి "తల్లి గారాబం వల్లే" అన్న మాటను మాత్రం ఇప్పటికీ మోస్తోంది.

వీటిలో ఏది నిలిచింది, ఏది పోయింది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. "ధైర్యంగా ఉండండి" అనే మాటలు చాలా విన్నాం.

మల్లేశ్_జగిత్యాల
అక్కా, మాది జగిత్యాల దిక్కు, ఇప్పుడు కూకట్‌పల్లిల ఉంటున్న. మా దిక్కు ఎవరికన్న మతి తప్పితే ముందుగాల కొండగట్టు అంజన్న దగ్గరికే తీస్కపోతరు. మండలం రోజులు గుట్ట మీదనే ఉండుడు, పొద్దున, మాపు స్నానం, గుడి సుట్టు తిరుగుడు. మా చిన్నాయనను గట్లనే తీస్కపోయిన్రు. అక్కడ ఉన్నన్ని రోజులు మంచిగనే ఉండె. నిద్ర పట్టింది, తిండి తిన్నడు. ఇంటికొచ్చినంక మళ్ల అదే లొల్లి. ఆఖరుకు కరీంనగర్ల డాక్టర్‌కు చూపిస్తే గోలీలు రాసిండు. గా గోలీల మీదనే ఇయ్యాల్టికి ఎవుసం చేస్కుంటున్నడు.

నేను చెప్పేదేందంటే, గుడిని తిట్టకున్రి. ఊర్ల పోరగాళ్లు రాళ్లేసిన మనిషిని గుట్ట మీద ఎవ్వరు వింతగ సూడలే. పక్కన మా నాయన ఉండె, తీరొక్కళ్లు పలకరించిన్రు. కని గోలీలు బంద్ వెట్టి గుట్టకు తీస్కపోతమంటె మాత్రం నేను అడ్డం పడ్త.

యూసుఫ్_మలక్‌పేట
మల్లేశ్ అన్న చెప్పింది నిజం. నాంపల్లి దర్గాకు గురువారం వెళ్లి చూడండి, ఇలాంటి కుటుంబాలు హిందువులూ ముస్లింలూ కలిసే కనిపిస్తారు. మా మామూను అక్కడికీ తీసుకెళ్లాం, డాక్టర్ దగ్గరికీ తీసుకెళ్లాం. రెండింటికీ గొడవ లేదు. గొడవంతా బాబాల దగ్గరే. మంత్రించి కొట్టేవాళ్లు, మిరపకాయల పొగ పెట్టేవాళ్లు, ఇంకో మేకను తెమ్మనేవాళ్లు. అది వైద్యమూ కాదు, దువా కూడా కాదు.

సుశీల_బోరబండ
శ్రీలతా, నేను ప్రభుత్వ మానసిక వైద్యశాలలో నర్సుగా చేసి రిటైరయ్యాను. నా కళ్లముందు మారినవి చెప్తాను, మా సీనియర్లు చెప్పినవీ చెప్తాను.

ముందు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి సంగతి. ఈ ఊళ్లో పిల్లలు పోట్లాడుకున్నా "ఎర్రగడ్డకు పంపాలి నిన్ను" అంటారు. ఆ ఆసుపత్రి నిజాం రోజుల్లో జాల్నాలో ఉండేది, 1953లో ఇక్కడికొచ్చింది. ఊరికి దూరంగా, పెద్ద ప్రహరీ వెనక ఉంచడమే అప్పట్లో పద్ధతి. 1912 నాటి చట్టం కూడా మనిషికి జబ్బు ఎలా నయమవుతుందని కాదు, ఎవరిని లోపల పెట్టాలి అనే చూసేది.

మా సీనియర్లు ఇన్సులిన్ కోమా చికిత్స గురించి చెప్పేవారు. రోగికి ఇన్సులిన్ ఎక్కించి స్పృహ తప్పేదాకా చూస్తారు. తర్వాత ముక్కు గొట్టంలోంచి గ్లూకోజ్ పోసి లేపుతారు. నర్సు మంచం పక్కనే కూర్చుని నాడి, శ్వాస, చెమట చూసుకుంటూ ఉండాలి, కాస్త ఏమరితే ప్రాణం పోతుంది. యూరప్‌లో 1930ల్లో పుట్టిన ఆ పద్ధతిని తర్వాత పరీక్షించి చూస్తే ఇన్సులిన్‌కంటూ ప్రత్యేకంగా గుణమేమీ లేదని తేలింది, మానేశారు. కొంతమంది నిజంగానే తేరుకునేవారట. పగలంతా ఒక మనిషి పక్కనే ఉండి చూసుకోవడం వల్లేనేమో అని మా మేట్రన్ అనేవారు. నాకూ అదే అనిపిస్తుంది.

కరెంటు షాక్ సంగతి వేరు. అది 1938లో రోమ్‌లో మొదలైంది, ఇప్పటికీ ఉంది, ఎందుకంటే పనిచేస్తుంది. తిండీ నీళ్లూ మానేసి గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, చచ్చిపోతానని పట్టుబట్టిన మనిషి, కొన్ని షాక్‌లతో లేచి కూర్చుని కాఫీ అడగడం నేను చూశాను. కానీ నేను చేరిన కొత్తలో మత్తు ఇవ్వకుండానే ఇచ్చేవారు. నోట్లో గుడ్డ కుక్కి, భుజాలూ మోకాళ్లూ నలుగురం అదిమి పట్టుకునేవాళ్లం. తర్వాత మత్తు డాక్టర్ వచ్చారు, కండరాలు వదులయ్యే ఇంజెక్షన్ వచ్చింది. ఇప్పుడు కాలివేలు కాస్త అదురుతుంది, అంతే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు లేకుండా ఇవ్వడాన్ని పూర్తిగా నిషేధించింది. సినిమాల్లో మాత్రం ఇంకా పాతదే చూపిస్తున్నారు. దాన్ని చూసి భయపడి ఒప్పుకోని కుటుంబాలు ఎన్నో.

ఇంకో మాట. తప్పుడు అడ్రసు రాయించి మనిషిని వదిలేసి వెళ్లిపోయేవాళ్లు ఉండేవారు. అదే దేశంలో, 1950ల్లో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగితోపాటు ఇంటివాళ్లను కూడా ఉండమన్నారు. ఉన్నవాళ్లు మందులు ఎలా ఇవ్వాలో, ఏం మాట్లాడాలో నేర్చుకుని, మనిషిని వెంటబెట్టుకుని ఇంటికెళ్లారు. మీ అమ్మగారు చేస్తున్నది కూడా అదే కదమ్మా.

శ్రీలత_సనత్‌నగర్
సుశీలమ్మా, మీ పోస్టు అమ్మకు చదివి వినిపించాను. అమ్మ చేసే పని ఒకటి చెప్తాను. ప్రతి స్ట్రిప్పు వెనక స్కెచ్‌పెన్‌తో సోమ, మంగళ, బుధ అని ఒక్కో మాత్ర కిందా రాస్తుంది. రాత్రి మాత్ర వేసుకున్నాక ఆ ఖాళీ గుంటను వేలితో తడిమి చూసి అప్పుడు లైటు తీస్తుంది. అలాంటి మనిషి, "నా పెంపకం వల్లేనా అమ్మా" అని మిమ్మల్ని అడగమంది.

కోఠి_పాఠాలు
నేను ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) పాఠాలు చెప్తాను, సైకియాట్రిస్టును కాను. మీ అమ్మగారి ప్రశ్నకే ముందు జవాబు: కాదు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఆవిడ మనసు కుదుటపడుతుందేమో. 1948లో ఫ్రీడా ఫ్రొమ్ రైక్‌మన్ అనే మనోవిశ్లేషకురాలు స్కిజోఫ్రెనియా తెప్పించే తల్లి అనే మాటను ప్రచారంలోకి తెచ్చారు. రోగం లేని పిల్లల తల్లులతో సరిగా పోల్చి చూసింది లేదు. అయినా ఆ మాట రెండు మూడు తరాలపాటు పాఠాల్లో నడిచింది. తర్వాత దత్తత వెళ్లిన పిల్లల మీద జరిగిన అధ్యయనాలు దాన్ని నిలవనివ్వలేదు. కన్నవారిలో జబ్బుంటే, వేరే ఇంట్లో పెరిగిన పిల్లల్లోనూ అది ఎక్కువగా కనబడింది.

అంటే అంతా వంశమేనా? అదీ కాదు. మామూలుగా నూటికి దాదాపు ఒకరికి వచ్చే జబ్బు ఇది. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే నూటికి పదిమంది దాకా. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికొస్తే రెండోవారికి వచ్చే అవకాశం సగానికి మించదు. జన్యువులన్నీ ఒకటే అయినా రెండోవారు తప్పించుకుంటున్నారంటే, తక్కింది కడుపులో ఉన్నప్పటి ఇబ్బందులు, చిన్ననాటి దెబ్బలు, టీనేజీలో గంజాయి, ఊరు వదిలి ఒంటరిగా బతకడం లాంటివి కలిసి చేస్తాయి. ఏ ఒక్కటీ దానంతటది చాలదు. మీ మేడమ్ చెప్పింది ఇదే.

ఇక రసాయనాల మాట. దీని కథ తెలుసుకోదగ్గది, ఎందుకంటే ఇక్కడ మందు ముందొచ్చింది, కారణం తర్వాత వెతికారు. పారిస్‌లో లాబొరీ అనే సర్జన్ ఆపరేషన్ దెబ్బకు ఒళ్లు కుప్పకూలడాన్ని (సర్జికల్ షాక్) తగ్గించడానికి ఒక మందు వాడుతుంటే, రోగులు మేలుకునే ఉన్నా దేనికీ కంగారు పడటం లేదని గమనించాడు. 1952లో డిలే, డెనికర్ దాన్నే మానసిక రోగులకు ఇచ్చారు. అదే క్లోర్‌ప్రోమజిన్. ఏళ్లతరబడి కట్టేసి ఉంచినవాళ్లు మాటల్లో పడ్డారు. లిథియంను 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ గినీపిగ్‌లకు ఎక్కించి, అవి మందకొడిగా పడి ఉండటం చూసి ఉన్మాదంతో ఉన్న మనుషులకు ఇచ్చాడు. ఇమిప్రమిన్‌ను స్విట్జర్లాండ్‌లో రోలండ్ కూన్ స్కిజోఫ్రెనియాకు ఇస్తే గుణం రాలేదు, దిగులుతో ఉన్నవాళ్లకు మాత్రం పనిచేసింది. ఐప్రోనయజిడ్ అసలు టీబీ మందు, అది వాడిన రోగులు హుషారెక్కారు. మన సర్పగంధ కూడా ఈ వరసలోదే. పిచ్చికి, నిద్రలేమికి ఇంటివైద్యంలో వాడే ఆ వేరును 1931లో కలకత్తాలో సేన్, బోస్ అనే ఇద్దరు డాక్టర్లు రక్తపోటుకు, ఉన్మాదానికి ఇచ్చి ఫలితం రాశారు. దాన్నుంచే తర్వాత రిసర్పిన్ తీశారు.

ఇవి మెదడులో ఏం చేస్తున్నాయని వెతికితే, నరాల మధ్య సందేశాలు మోసే రసాయనాలు డోపమిన్ దొరికింది, సెరటోనిన్ దొరికింది. డోపమిన్‌ను అడ్డుకుంటే గొంతులు వినిపించడం తగ్గుతోంది కాబట్టి డోపమిన్ ఎక్కువవడమే జబ్బు అన్నారు. ఆస్పిరిన్‌తో జ్వరం తగ్గింది కాబట్టి ఒంట్లో ఆస్పిరిన్ తక్కువైందని ఎవరమూ అనం కదా. డోపమిన్ పాత్ర ఉందనడానికి తర్వాత నేరుగా ఆధారాలు దొరికాయి, కానీ అది జబ్బు నడిచే దారిలో ఒక మజిలీ, మొదలు కాదు.

నిజం_కావాలి
> మందు ముందొచ్చింది, కారణం తర్వాత వెతికారు

ఇదే నేను అడుగుతున్నది. డిప్రెషన్‌కు సెరటోనిన్ తక్కువవడమే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని 2022లో లండన్ వాళ్లు అన్ని అధ్యయనాలూ కూర్చి చెప్పారు. అంతకుముందు ముప్పై ఏళ్లు కంపెనీలు అదే చెప్పి అమ్మాయి. కారణమే తెలియనప్పుడు ఆ మాత్రలు మన పిల్లలకు ఎందుకు మింగించాలి? మా అన్నకు ఒలాంజపిన్ ఇచ్చారు. గొంతులు తగ్గాయి, ఒళ్లు విపరీతంగా వచ్చింది, షుగర్ వచ్చింది. ఆ సంగతి ముందే చెప్పినవాళ్లు లేరు. నాకు కోపం ఉంది, దాచుకోను.

సరళ_బైపోలార్
మీ కోపం న్యాయమైనదే. బరువు, షుగర్, కొలెస్టరాల్ మొదటి నుంచీ చూడాలి. చూడకపోతే అది నిర్లక్ష్యం. మందు మార్చమని అడిగే హక్కు మీ అన్నకుంది. కానీ మీరు చివర్లో అడిగిన ప్రశ్నకు జవాబు నేను నా ఒంటితో చెప్పగలను.

నాకు బైపోలార్, అంటే కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు. గచ్చిబౌలిలో ఉద్యోగం. లిథియం వాడతాను. అది ఎందుకు పనిచేస్తుందో ఇప్పటికీ ఎవరూ పూర్తిగా చెప్పలేరు. ఎలా వాడాలో మాత్రం బాగా తెలుసు. రక్తంలో ఎంతుందో చూస్తారు, పరిమితికి కాస్త మించినా విషమే. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు కూడా తప్పవు. ఎండాకాలం నీళ్లు తక్కువ తాగకూడదు, నొప్పి మాత్రలు అడక్కుండా వేసుకోకూడదు. ఆత్మహత్యలను తగ్గిస్తుందని బలమైన ఆధారం ఉన్న కొద్ది మందుల్లో ఇదొకటి. సెరటోనిన్ కథ కూలిపోయినంత మాత్రాన మందులు పనిచేయవని అర్థం కాదు. అవి పనిచేస్తాయా లేదా అన్నది వేరే పరీక్షల్లో తేలుతుంది, కొందరికి బాగా, కొందరికి అంతంతమాత్రం, కొందరికి అసలు లేదు.

రసాయనాల మాట నాకు ఒకప్పుడు ఊరటనిచ్చింది. నా తప్పు కాదన్నమాట అనుకున్నాను. కొన్నాళ్లకు అదే గొంతు పట్టుకుంది. మేనేజర్ మీద కోపమొస్తే "మాత్ర వేసుకున్నావా?" అని ఇంట్లో అడిగేవారు. నా ఏడుపూ రసాయనమే, నా న్యాయమైన కోపమూ రసాయనమే. కాబట్టి ఏ కారణం చెప్పినా, దాంతో ఎవరి నోరు మూతపడుతోందో చూడండి. గాలి అంటే రోగిని కొడతారు. పెంపకం అంటే తల్లి నలుగుతుంది. మెదడు అంటే మనిషి చెప్పేది వినడం మానేస్తారు.

మల్లేశ్_జగిత్యాల
సరళక్కా, ఈ ఆఖరి మాట మా ఇంట్ల అందరికి సదివి వినిపిస్త.

రాఘవ_తార్నాక
కారణం దొరికిన జబ్బులూ ఉన్నాయి, మరచిపోవద్దు. మా ఇంటి దగ్గరే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. డాక్టర్ సి. గోపాలన్ బృందం ఈ ప్రాంతంలో జొన్నే ప్రధానంగా తినే పేదల్లో పెల్లాగ్రాను గమనించి, 1960లో జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లంతో దానికి సంబంధం ఉండొచ్చని ప్రతిపాదించింది. దాని మీద తర్వాత వాదాలు నడిచాయి. పెల్లాగ్రాలో చర్మం నల్లబడి పొక్కులు లేస్తుంది, విరేచనాలవుతాయి, మతి తప్పుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఒకప్పుడు పిచ్చాసుపత్రుల్లో ఈ రోగులు ఎంతోమంది ఉండేవారు. అంటువ్యాధి అన్నారు, రక్తం మంచిది కాదన్నారు. జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అది తిండి లోపమని చూపించాడు. లోపించింది నయాసిన్ అనే విటమిన్ అని 1937లో తేలింది.

సిఫిలిస్ అనే సుఖవ్యాధి కూడా అంతే. మెదడుకెక్కిన సిఫిలిస్‌తో ఆసుపత్రులు నిండేవి. 1913లో మెదడులో ఆ క్రిమిని చూశారు, పెన్సిలిన్ వచ్చాక ఆ వార్డులే ఖాళీ అయ్యాయి. 2007లో ఇంకొకటి తెలిసింది: స్కిజోఫ్రెనియా అనుకున్న కొందరు అమ్మాయిలకు, ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేసే జబ్బు ఉందని. దానికి చికిత్సే వేరు. అందుకే మొదటిసారి మతి తప్పినప్పుడు థైరాయిడ్, బి12, అవసరమైతే స్కాన్ చేయించమంటారు. దాన్ని డబ్బు గుంజడం అనుకోవద్దు.

విచిత్రమేంటంటే, కారణం దొరికిన ప్రతి జబ్బూ మానసిక వార్డు వదిలి వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లిపోతుంది. మిగిలినవాటిని చూసి "వీళ్లకు ఏ కారణమూ తెలియదు" అంటాం.

నిజం_కావాలి
ఇలా ఎవరూ చెప్పలేదు. అన్నయ్య డాక్టర్‌ను ఈసారి మందు మార్పు గురించి అడుగుతాను, మానేయమని కాదు. ఇంకో ప్రశ్న. ఆయన మాత్ర వద్దంటే వదిన సాంబారులో కలిపేస్తోంది. ఇది సరైనదేనా?

సుశీల_బోరబండ
బాబూ, మీ వదిన ఎంత నలిగిపోయి ఆ పని చేస్తోందో నాకు తెలుసు, తప్పు పట్టను. కానీ ఒకసారి ఆయనకు తెలిసిందంటే అన్నమే ముట్టడు. విషం కలుపుతున్నారని అనుమానపడే జబ్బులో నిజంగానే ఏదో కలిపారని తేలితే ఇక ఎవర్ని నమ్ముతాడు? డాక్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. రోజూ మింగనక్కర్లేకుండా కొన్ని వారాలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి, చాలామంది వాటికి ఒప్పుకుంటారు.

ఇంట్లో మాటతీరు కూడా. లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే ఆయన 1950ల నుంచి చూసి చెప్పాడు, ఎప్పుడూ దెప్పిపొడిచే ఇంటికీ, అతిగా కంగారుపడే ఇంటికీ వెళ్లినవాళ్లు తొందరగా మళ్లీ ఆసుపత్రికి వస్తున్నారని. దీన్ని మళ్లీ తల్లి తప్పుగా చదవకండి. జబ్బు తెప్పించేది ఇల్లు కాదు, తిరగబెట్టకుండా ఆపడంలో ఇల్లు సాయపడగలదు.

లాయర్_నాంపల్లి
చట్టం వైపు నుంచి నాలుగు మాటలు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గరి ఒక ఆశ్రయంలో మంటలు రేగి 28 మంది కాలిపోయారు. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేకపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో గొలుసులు వేయరాదని రాసిన వాక్యం చదివినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

అదే చట్టం ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారని భావించాలంది, శిక్షించకూడదంది. తర్వాత వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆ యత్నానికి శిక్ష వేసే పాత 309 సెక్షనే లేదు. బీమా కంపెనీ మిగతా జబ్బుల్లాగే దీనికీ కవర్ ఇవ్వాలి. 2016 వికలాంగుల చట్టం కింద మానసిక అనారోగ్యం కూడా వస్తుంది, 40 శాతానికి తగ్గకుండా ఉంటే వైకల్య సర్టిఫికెట్‌తో ప్రయోజనాలు అడగొచ్చు. అన్నిటికన్నా తక్కువ మందికి తెలిసింది ముందస్తు ఆదేశం. బాగున్నప్పుడే, జబ్బు ముదిరితే తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో రాసిపెట్టుకోవచ్చు.

శ్రీలత_సనత్‌నగర్
ఈ చర్చంతా తమ్ముడు నా ఫోన్‌లో చదివాడు. "నాకెందుకొచ్చింది" అన్నదానికి, కొంత వంశం, కొంత మనకు తెలియని సంగతులు, ఎవరి తప్పూ లేదు అని చెప్పాను. పెల్లాగ్రా సంగతి వాడికి బాగా నచ్చింది, రెండుసార్లు చదివాడు. అమ్మ మాత్రం "కాదు" అన్న ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

తర్వాత వాడే నోటుబుక్ తీసి ముందస్తు ఆదేశం రాయడం మొదలుపెట్టాడు. మొదటి లైను: "అన్నంలో మందు కలపొద్దు. చెప్పి ఇవ్వండి, వద్దంటే ఇంజెక్షన్ గురించి అడగండి." రెండోది, హాలోపెరిడాల్‌తో మెడ బిగుసుకుపోయింది కాబట్టి వేరే మందు వాడమని. మూడోది, అవసరమైతే షాక్ ట్రీట్‌మెంట్‌కు తనకు అభ్యంతరం లేదని. ఇది రాస్తాడని నేను అనుకోలేదు. తన తరఫున మాట్లాడటానికి నా పేరు రాశాడు. లాయర్ గారూ, ఇవన్నీ చెల్లుతాయా?

లాయర్_నాంపల్లి
చెల్లుతాయమ్మా. దానికి నిర్ణీత ఫారం ఉంది, అందులో రాయించండి. మీ పేరు ప్రతినిధిగా ఉంది కాబట్టి మీ సంతకం కూడా ఉండాలి, సాక్షులూ ఉండాలి. మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు దగ్గర నమోదు చేయించి, ఒక నకలు మీ మేడమ్ ఫైల్లో పెట్టించండి. ప్రాణాపాయంలో చేసే అత్యవసర చికిత్సకు ఇది వర్తించదని తమ్ముడికి ముందే చెప్పండి. మనసు మారితే ఎన్నిసార్లైనా తిరగరాసుకోవచ్చు. హాలోపెరిడాల్ సంగతి మాత్రం ఏ మోతాదులో, ఎప్పుడు జరిగిందో పాత ప్రిస్క్రిప్షన్ చూసి రాయమనండి, రాత్రిపూట డ్యూటీలో ఉన్న డాక్టర్‌కు అదే పనికొస్తుంది.